తల్లి ఏనుగు ఐదో గోరు

"నాలుగు తప్పులట! ఒకటి కాదు, రెండు కాదు, నాలుగు!"

దేదీప్య మెయిల్ ప్రింటు తీసిన కాగితాన్ని పెసరట్టు ప్లేటు పక్కన పెట్టింది. పెట్టింది అనేకంటే కొట్టింది అనాలి. అల్లం పచ్చడి గిన్నె ఎగిరిపడింది.

ఎదురుగా కూర్చున్న ఆదిశేషు తలెత్తలేదు. నిన్న మధ్యాహ్నం ఆ మెయిల్ పంపినప్పుడున్న హుషారంతా ఈ పొద్దుటికి నీరుగారిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేసిన మనిషి ఆయన. ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం, ప్రతి తప్పుకీ ఒక నంబరు తగిలించడం, అది దిద్దేదాకా రాసినవాణ్ణి కూర్చోనివ్వకపోవడం, అదీ ఉద్యోగం. రిటైరై రెండేళ్లయినా చేతులు ఊరుకోవు. గుడి క్యాంటీన్‌లో మెనూ బోర్డును కూడా మూడుసార్లు దిద్దించాడు. అలాంటివాడు కన్నకూతురు నాణెం కోసం చెక్కిన ఏనుగును వదిలిపెడతాడా?

"చదువుతాను అమ్మా, నువ్వు కూడా విను," అంది దేదీప్య. "ఒకటి. ఆడ ఏనుగుకి దంతాలు ఉండవు, ఈ బొమ్మలో ఉన్నాయి. రెండు. ఏనుగు వీపు పైకి గుండ్రంగా ఉండాలి, ఇది మధ్యలో లోపలికి దిగిపోయింది. మూడు. చెవులు మరీ పెద్దవి. నాలుగు. తొండం చివర వేలులాంటిది ఒకటే ఉండాలి, ఇక్కడ రెండున్నాయి. అండ్ ద బెస్ట్ పార్ట్, లాస్ట్ లైన్. 'నేను ఈ ఆర్టిస్టుకు తండ్రిని. కాబట్టి నా అభిప్రాయంలో పక్షపాతం లేదు.' నాన్నా, ఎవరు రాస్తారు ఇలా?"

పొయ్యి దగ్గరున్న నళిని గబుక్కున అటు తిరిగింది. నవ్వు వచ్చింది ఆమెకు. ఈ సమయంలో నవ్వితే కూతురు జన్మలో క్షమించదు.

"మింట్ వాళ్ల వెబ్‌సైట్‌లో బొమ్మ పెట్టి, మీ అభిప్రాయం చెప్పండి అన్నారు. చెప్పాను," అన్నాడు ఆదిశేషు. "వాళ్లు చదువుతారని నేనేమన్నా కలగన్నానా?"

"చదివారు. కమిటీలో అందరికీ ఫార్వర్డ్ చేశారు. ఎనిమిదింటికి కాల్. ఎజెండాలో ఫస్ట్ ఐటమ్ నీ మెయిలే!"

గోడ మీద గడియారం ఏడూ పది చూపిస్తోంది.

జాంబియా అడవి జంతువుల మీద వరసగా వెండి నాణేలు తెస్తున్నారు. వాటిని ముద్రించే పని విస్కాన్సిన్‌లోని ఒక ప్రైవేటు మింట్‌ది. ఈ ఏటి నాణెం కోసం నలభై మంది డిజైన్లు పంపితే, గున్నను కాళ్ల మధ్య దాచుకుని నిలబడ్డ దేదీప్య తల్లి ఏనుగు అన్నిటినీ దాటి పైకొచ్చింది. ఇవాళ కమిటీ ఊఁ అంటే అచ్చు తయారవుతుంది. ఊహూఁ అంటే, రెండో స్థానంలో ఎవరిదో చిరుతపులి కాచుకుని కూర్చుంది. ఫార్మసీ చదువు మూడో ఏట వదిలేసి, నాలుగేళ్లుగా అరోరా ఊళ్లోని ఈ ఇంటి బేస్‌మెంట్‌లో ప్లాస్టర్ దుమ్ము పీలుస్తున్న పిల్లకు ఇది మొట్టమొదటి నాణెం.

"ఇది ఆఫ్రికన్ ఎలిఫెంట్, నాన్నా! వాటిలో ఆడవాటికీ టస్క్స్ ఉంటాయి. వీపు అలాగే ఉంటుంది. చెవులు అంతే ఉంటాయి. తొండానికి రెండు వేళ్లే. నువ్వు చెప్పిన నాలుగూ ఇండియన్ ఎలిఫెంట్‌వి!"

"ఏనుగంటే ఏనుగే కదా అనుకున్నాను. చిన్నప్పుడు మా ఊరి ఊరేగింపులో చూశాను. దానికి దంతాలు లేవు. ఆడదన్నారు."

"నన్ను అడగొచ్చుగా? నేను ఇంట్లోనే ఉన్నానుగా? పదమూడు మెట్లు దిగితే బేస్‌మెంట్. నాలుగేళ్లలో ఎన్నిసార్లు దిగావు నాన్నా? హీటింగ్ ఫర్నేస్ ఫిల్టర్ మార్చడానికి తప్ప?"

ఆదిశేషు పచ్చడి గిన్నెను మళ్లీ ప్లేటు పక్కకు జరిపాడు.

దేదీప్య పెసరట్టు ముట్టుకోకుండానే లేచింది. బేస్‌మెంట్ తలుపు ధడేలుమంది.

నళిని స్టవ్ కట్టేసి వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. పెసరట్టు అంచులు గట్టిపడుతున్నాయి.

"అసలెందుకు పంపారండీ?"

"గుడికొచ్చే మన శ్యామ్‌సుందర్‌కి ఫోన్‌లో బొమ్మ చూపించాను. ఆడ ఏనుగుకి దంతాలేమిట్రా అని నవ్వాడు వాడు. ఒళ్లు మండిపోయింది. మన పిల్ల చేసినదాన్ని చూసి ఎవడో నవ్వడమేమిటి? అచ్చయిపోయాక అందరూ నవ్వితే దిద్దుకోలేం కదా. అందుకని ముందే…"

"శ్యామ్‌సుందర్‌కి ఒక్కడికేనా చూపించింది?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "గుడిలో మరో పాతికమందికి. కాస్త అటూ ఇటూగా."

"పాతికమందికి చూపించుకుని మురిసిపోయారు. దానికి మాత్రం బాగుందని ఒక్క ముక్క చెప్పలేదు."

"దానికి తెలీదా?"

"ఎలా తెలుస్తుందండీ? ఏది బాగుందో మీరెప్పుడన్నా రిపోర్టులో రాశారా?"

కళ్లజోడు ఎంత తుడిచినా మసక పోవడం లేదాయనకు.

నళిని కాఫీ కలుపుకుని బేస్‌మెంట్‌లోకి దిగింది.

బల్ల మీద తెల్లటి ప్లాస్టర్ బిళ్ల ఉంది. భోజనం పళ్లెమంత వెడల్పు. దీన్ని మెషీన్‌తో స్కాన్ చేసి, ఆ కొలతల్నే నాణెమంత చిన్నవి చేసి ఉక్కు అచ్చు మీద చెక్కుతారు. వెనక గోడ నిండా ఏనుగుల ఫొటోలే. ఒక్క చెవికే తొమ్మిది ఫొటోలు.

"కాఫీ తాగవే. నువ్వు చెప్పేవన్నీ సరైనవే కదా, ఇంక భయమెందుకు?"

"భయం కాదమ్మా. నాన్న అడిగిన ప్రతిదానికీ నా దగ్గర ఫొటో ఉంది. ఐ యామ్ రెడీ. కానీ కాల్‌లో వాళ్లందరూ అనుకుంటారు, సొంత నాన్నే నమ్మలేదు ఈ అమ్మాయిని, అని. అదే..." దేదీప్య మాట మింగేసింది.

నళిని బిళ్ల మీదికి వంగింది. కిటికీలోంచి పొద్దుటి ఎండ పక్కవాటుగా పడి, ఏనుగు చర్మం మీద ప్రతి ముడతా లేచి కనపడుతోంది. తల్లి తొండం గున్న వీపు మీద ఆనీ ఆననట్టు ఉంది. ఇది నా కడుపున పుట్టిన పిల్ల చేతుల్లోంచి వచ్చిందా అని గర్వపడింది నళిని. వేలితో మెల్లగా నిమిరింది. చెవి, దవడ, మోకాలు, పాదం.

పాదం దగ్గర వేలు ఆగింది.

ఆసుపత్రి ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు స్లైడ్ల మీద కణాలు లెక్కపెట్టిన కళ్లు ఆమెవి. లెక్కపెట్టాలని అనుకోనక్కర్లేదు, వాటంతట అవే లెక్కపెడతాయి. ముందుకాలికి గోళ్లు ఐదు. తలెత్తి గోడ మీద ఫొటో చూసింది. నాలుగు. దాని పక్క ఫొటో. నాలుగు. కింద వరసలో ఎండలో నిలబడ్డ ముసలి ఏనుగు. నాలుగు.

నళిని మళ్లీ బిళ్ల వైపు తిరిగింది.

"దీపూ, ముందుకాలికి గోళ్లెన్నే?"

"ఫైవ్," అంది దేదీప్య లాప్‌టాప్‌లోంచి తల తిప్పకుండానే.

"ఫొటోలో ఎన్ని?"

దేదీప్య చూసింది. లేచి గోడ దగ్గరికి వెళ్లింది. ఒక్కో ఫొటో మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. ఏడో ఫొటో దగ్గర చెయ్యి కిందికి జారిపోయింది.

"నో. నో, నో, నో." బోర్లించిన బకెట్ మీద కూలబడింది. "చెవిలో వెయిన్స్ కూడా చెక్ చేశానమ్మా. కనురెప్పలు చెక్ చేశాను. ఇది చెక్ చేయలేదు. ఎందుకంటే..."

"ఎందుకంటే?"

"ఎందుకంటే నాకు తెలుసు అనుకున్నాను. నువ్వు సమ్మర్‌లో ఇంటి ముందు డ్రైవ్‌వే మీద సైడ్‌వాక్ చాక్‌తో ముగ్గు వేసేదానివి, గుర్తుందా? ఏనుగుల ముగ్గు. ముందు ఐదు చుక్కలు పెట్టి, వాటి మీద కాలు నిలబెట్టేదానివి. నన్ను పెట్టమనేదానివి ఆ చుక్కలు. ఇప్పటికీ ఏనుగును కాళ్ల నుంచే మొదలుపెడతానమ్మా నేను."

ఐదు చుక్కలు. నళినికి వాళ్లమ్మ నేర్పింది. ఎందుకు ఐదని ఎప్పుడూ అడగలేదు, చెయ్యి పెట్టుకుంటూ పోయింది. తండ్రి మన దేశపు ఏనుగును మెయిల్లో పంపిస్తే, ఆ ఏనుగుకుండే ఐదు గోళ్లను తల్లి ఏకంగా ప్లాస్టర్లోకే ఎక్కించేసిందన్నమాట! సిగ్గేసింది నళినికి. ఆ సిగ్గు వెనకే, ఆపుకుందామన్నా ఆగకుండా సంతోషం కూడా వచ్చింది. తన ముగ్గులోని ఏనుగు ఇంత దూరం నడిచొచ్చింది మరి.

కానీ సంతోషపడే వేళ కాదిది. ఏడూ నలభై అయింది.

"ఎవరు చూస్తారే?" అంది నళిని గొంతు తగ్గించి. "నాణెం మీద అది ఆవగింజంత ఉంటుంది. వాళ్లు ఊఁ అన్నాక, నిదానంగా చెక్కేయొచ్చు."

అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. ల్యాబ్‌లో ఏ టెక్నీషియనైనా ఈ మాట అని ఉంటే ఆరోజే ఇంటికి పంపించేసేది.

"స్కాన్ ఆల్రెడీ వాళ్ల దగ్గరుంది. ఇవాళ ఓకే అంటే దాన్నుంచే అచ్చు కట్ చేస్తారు." దేదీప్య చేతులతో మొహం రుద్దుకుంది. ప్లాస్టర్ బుగ్గలకంటింది. "చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. నాన్న నాలుగు తప్పులకీ ఆన్సర్స్ ఇచ్చేసి, బై ద వే ఐదోది ఉంది, అది మాత్రం నిజం, అని. చిరుతపులి గెలుస్తుందమ్మా."

మెట్లు కిర్రుమన్నాయి.

ఇద్దరూ తలతిప్పారు. ఆదిశేషు సగం మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద గళ్ల లుంగీ. చేతిలో ఫిల్టర్ లేదు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, ఎంత విన్నాడో, మొహం చూస్తేనే తెలిసిపోతోంది.

దీనికీ ఒక నంబరు ఇస్తాడు అనుకుంది నళిని. దేదీప్య కూడా అదే అనుకుందేమో, గడ్డం పైకెత్తి నిలబడింది.

ఆయన మిగతా మెట్లు దిగి, బల్ల దగ్గరికొచ్చి, ప్లాస్టర్ బిళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"ఇంత పెద్దదిగా చెక్కుతావా? నాణెమంతే చెక్కుతావనుకున్నాను."

నాలుగేళ్ల మీద ఆ ఇంట్లో కూతురి పనిని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"నాన్నా," అంది దేదీప్య, "మీ ఆఫీసులో, ప్రోగ్రాం రాసినవాడికే తన తప్పు కనపడితే ఏం చేసేవాడు?"

"దాచేవాడు."

"అందరూనా?"

"నేను చూసినంతలో అందరూ. నేను తవ్వి తీసేవాణ్ణి."

లాప్‌టాప్ గంట మోగింది. దేదీప్య బుగ్గలు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. ఏం చెయ్యబోతోందో చెప్పలేదు. నళిని భర్త చొక్కా పట్టుకుని కెమెరాకు కనపడకుండా పక్కకు లాగింది.

తెరమీద మూడు మొహాలు వచ్చాయి. మింట్ ఆర్ట్ డైరెక్టరు వారెన్, లుసాకా నుంచి జాంబియా బ్యాంకు తరఫున ఒకాయన, అడవి జంతువుల మీద ఏళ్లతరబడి పనిచేసిన డాక్టర్ చిలేషె. తెల్లబడిన పొట్టి జుట్టు ఆవిడకు, చూపు సూటిగా ఉంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి.

వీపు, చెవులు, తొండం, ఒక్కొక్కటీ ఫొటో చూపించి చెప్పింది దేదీప్య. గొంతు ఎక్కడా వణకలేదు. దంతాల మాట వచ్చేసరికి చిలేషె చెయ్యెత్తింది.

"దీనికి నేను చెబుతాను. మా జాంబియాలోని లువాంగ్వా లోయలో నా చిన్నతనంలో వేటగాళ్లు దంతాలున్న తల్లుల్నే ఏరి చంపారు. మిగిలినవాటిలో చాలావాటికి పుట్టుకతోనే దంతాలు లేవు. వాటి కూతుళ్లకూ రాలేదు. కాబట్టి ఆ పెద్దమనిషి అడిగింది మరీ వెర్రి ప్రశ్న కాదు. మా దగ్గరికొచ్చి చూసినవాళ్లు కూడా అడుగుతారు. అందుకే నాణెం మీద నాకు దంతాలున్న తల్లి కావాలి."

పక్కన నిలబడ్డ ఆదిశేషు తల దించుకున్నాడు.

"అయితే బొమ్మలో తప్పులేమీ లేనట్టే," అన్నాడు వారెన్. "ముగిద్దామా?"

ఒక్క అవునుతో అయిపోతుంది. ఒకే ఒక్క అవును.

"ఒకటుంది," అంది దేదీప్య.

ప్లాస్టర్ బిళ్లను రెండు చేతులతో ఎత్తి కెమెరా ముందు పెట్టింది. "ముందుకాలికి ఐదు గోళ్లు చెక్కాను. నాలుగు ఉండాలి. అరగంట క్రితం మా అమ్మ చూసింది. తప్పు నాది."

వారెన్ మొహం మాడిపోయింది. "ఇప్పుడా చెప్పడం? అచ్చు ఇవాళ మొదలవ్వాలి. ఇంకెన్ని ఉన్నాయో మాకెలా తెలుస్తుంది? ఎవరు హామీ?"

దేదీప్య దగ్గర దానికి ఫొటో లేదు.

నళిని చేతిలోంచి చొక్కా జారిపోయింది. చూసేసరికి ఆదిశేషు లుంగీతో సహా కెమెరా ముందున్నాడు.

"ఆ మెయిల్ రాసిన తండ్రిని నేనే," అన్నాడు. "నాలుగు తప్పులు రాశాను. నాలుగూ నావే. ముప్పై ఒక్క ఏళ్లు తప్పులు పట్టడమే నా ఉద్యోగం. తన తప్పును ఎవరూ అడక్కముందే తెచ్చి బల్ల మీద పెట్టిన మనిషిని అన్నేళ్లలో ఒక్కర్ని కూడా చూడలేదు. ఇవాళ చూశాను. ఈమె నా కూతురు. ఇంకెన్ని ఉన్నాయని అడిగారు కదా? ఉంటే ఈమే చెబుతుంది. ఇంతకంటే పెద్ద హామీ నా సర్వీసులో నేను ఎవరికీ ఇవ్వలేదు."

దేదీప్య తండ్రి వైపు తిరిగి చూస్తూ ఉండిపోయింది.

చిలేషె ముందుకు వంగింది. "ఇన్ని ఫొటోలు పెట్టుకుని, ఆ ఐదు ఎక్కడి నుంచి వచ్చింది?"

దేదీప్య చాక్ సంగతి చెప్పింది. ఐదు చుక్కలు, వాటి మీద కాలు, ఏడేళ్ల పిల్ల. నళిని మొహం వేడెక్కిపోయింది. చిలేషె నవ్వలేదు. "మాకు కొంచెం సమయమివ్వండి," అంది.

శబ్దం ఆగిపోయింది. మూడు మొహాల్లోనూ పెదాలు మాత్రం కదులుతున్నాయి. వారెన్ తల అడ్డంగా ఊపుతున్నాడు. బ్యాంకు ఆయన చేతి గడియారం చూసుకుంటున్నాడు. చిలేషె బల్ల మీద వేలు పెట్టి ఏదో గట్టిగా చెబుతోంది.

"ఆ గోరు తీసేయడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాడు ఆదిశేషు.

"ట్వంటీ మినిట్స్. కానీ వాళ్లింకా ఓకే అనలేదు నాన్నా."

"అన్నా అనకపోయినా తప్పు దిద్దే పంపాలి. దిద్దు." గొంతు సవరించుకున్నాడు. "బాగుంది దీపూ. చాలా బాగుంది. ఇంత బాగుంటుందని నాకు తెలీదు. దిగి చూడాల్సింది నేను."

ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ వినని మాట అది. నళిని పైటకొంగుతో కళ్లద్దుకోవడానికి లేదు, నైటీలో ఉంది. చేత్తోనే తుడుచుకుంది. ఈ నాణెం రానీ రాకపోనీ, నా పిల్ల గెలిచింది అనుకుంది.

దేదీప్య బిళ్లను తిరిగి బల్ల మీద పెట్టింది. మాట్లాడితే ఏడుస్తుందని తల్లికి తెలుసు. మెడ వంగే బల్లదీపాన్ని బిళ్ల మీదికి వంచింది. డ్రాయర్లోంచి సన్నటి ఉలి తీసింది. ఆదిశేషు వంగి, బిళ్ల కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కాకు ప్లాస్టర్ అంటుకుంది. ఆయన చూసుకోలేదు.

ఉలి మొన చివరి గోరు మీద ఆనింది.

"ఆగండి!"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. లాప్‌టాప్‌లో శబ్దం తిరిగొచ్చింది. డాక్టర్ చిలేషె కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది.

"మిస్ దేదీప్యా, దయచేసి ఆ గోరు మీద చెయ్యి వెయ్యకండి! మా లోయలోనూ అరుదుగా ఐదు గోళ్ల తల్లులున్నాయి, ఈ నాణెం మీ అమ్మగారి ఐదు చుక్కలతోనే వస్తుంది!"